నాలుగు పాయింట్ మూడు

నవంబరు మూడో వారం బాగా గుర్తు.
గరాజ్‌లో హీటర్ పెట్టుకుని
నేనూ, మా అత్త ఎల్డోరా, ఎదురింటి కొరీనా
ఫర్ కొమ్మల చివళ్లు తుంచి తీగకు చుట్టాం.
క్రిస్మస్‌కి తలుపులకు తగిలించే దండలు,
మేమెప్పుడూ చూడని ఊళ్ల తలుపులకు.
దండకి ఇంతని లెక్క. నిద్ర మానేస్తే ఇంకొన్ని.
వేళ్లకంటిన బంక వెన్న రాస్తేగాని వదలదు.
వెన్న రాయలేదు, రొట్టెకి ఉంటుందని.
ఆ ఒక్క వారం ఆరువందల నలభై డాలర్లు.

చెక్కును ఫోటో తీసి పంపాను.
దాచడం రాదు నాకు.
వాళ్లు దాన్ని నాలుగు పాయింట్ మూడుతో గుణించారు.
నెలకి అన్ని వారాలట.

రెండువేల ఏడువందల యాభై రెండు.
దానికి ఓడెల్ అక్టోబరులో తవ్విన గుల్లల రసీదులు కలిపారు,
ధర బాగున్న అక్టోబరు.
గీత దాటారు, ముప్పై ఒక్క డాలర్ల తేడాతో, అని ఉత్తరం.

రెక్కాడితేగాని డొక్కాడదు, సరే.
మా రెక్క ఒక్క వారమే ఆడింది.
కాగితం మీద మాత్రం నెలంతా ఆడుతోంది
ఆగకుండా, అలవకుండా.
ఆ కాగితంలో మా పేర్లతోనే ఇంకో కుటుంబం కాపురముంటోంది.
బుధవారం కూడా మాంసం వండుకుంటారనుకుంటాను.
ఆ ఇంటావిడని ఓసారి కలవాలనుంది.
కప్పు పంచదార బదులడగాలి.

ఇప్పుడు జనవరి.
లూబెక్ ఒడ్డున బురద రాయిలా గడ్డకట్టింది.
కరిగిందనుకున్న రోజున వాన,
వానపడితే మురుగు కలుస్తుందని తీరం మూసేస్తారు.
ఓడెల్ వంటింట్లో కూర్చుని గుల్లల పారకి పదును పెడతాడు.
నిన్న పెట్టిన పదునే.

గంటా పది నిమిషాలు పాట విన్నాక
ఫోన్లోకి తిబొడో అనే అతనొచ్చాడు.
చెడ్డవాడు కాదు, జలుబు చేసిన గొంతు.
"సాధారణంగా మీ ఆదాయం ఎంతుంటుందండీ?"
సాధారణంగా.

ఫ్రిజ్ మీద ఆటుపోట్ల పట్టిక ఉంది, దాన్నే చూస్తూ నిలబడ్డాను.
పద్దెనిమిది అడుగులు లేస్తుంది మా నీరు,
పద్దెనిమిది అడుగులు దిగిపోతుంది.
మధ్యలో సగటు మట్టమొకటి ఉండే ఉంటుంది,
ఏ క్షణమో దాన్ని దాటిపోతూనే ఉంటుంది సముద్రం.
అక్కడ మా రేవులో పడవా తేలదు, పారా దిగదు.
ఇదంతా అతనికి చెప్పలేదు.
"తెలీదండీ" అన్నాను.

మళ్లీ దరఖాస్తు పెట్టమన్నాడు,
గడిచిన నాలుగు వారాల రసీదులతో.
రాని డబ్బుకి రసీదెవరిస్తారు?
"మీరే రాసివ్వండి, ఏమీ రాలేదని. సంతకం, తేదీ మరవకండి."

రాస్తున్నాను.
మొదటి వారం సున్నా.
రెండో వారం సున్నా. సున్నా చుట్టడం కూడా పనిలాగే ఉంది,
దండ చుట్టినట్టు, తీగలేకుండా.
మూడో వారం చర్చి మెట్ల మీద మంచు గోరినందుకు
ఓడెల్‌కి నలభై రెండు డాలర్లు, నగదుగా.
"అది వదిలెయ్" అన్నాడు పార మీంచి తలెత్తకుండా.
ఎల్డోరా కుట్టుపని ఆపి నా వైపు చూసింది.
చర్చి డబ్బు కదా, అన్నట్టో
చర్చి డబ్బే కదా, అన్నట్టో.

కలం ఆగింది కాసేపు.
తర్వాత నలభై రెండు అని రాశాను, అంకెల్లోనూ అక్షరాల్లోనూ.

బల్లకి అటువైపు వెండెల్, అయిదో తరగతి,
ఈ వారమే దశాంశాలు మొదలెట్టారు బళ్లో.
కాగితం తలకిందులుగానే చదివేశాడు.
"అమ్మా, దేంతో గుణిస్తారన్నావ్?"
చెప్పాను.
నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, పెన్సిల్ కొరుక్కుని,
చుక్క ఎక్కడ పెట్టాలో రెండుసార్లు చూసుకుని

"నూట ఎనభై పాయింట్ ఆరు!" అని అరిచాడు,
ఇంట్లోకి డబ్బొచ్చినంత సంబరంగా.

సరిచూశాను.
లెక్క తప్పలేదు.